పోలిక ఒకటో తరగతి నుంచి: నెల్లూరు శివారు, తీర గ్రామాల ప్రభుత్వ బడులు

నెల్లూరులో ప్రభుత్వ బడుల మాట వస్తే రెండు పేర్లు ముందుగా వినిపిస్తాయి. ఒకటి, సీటు కోసం తల్లిదండ్రులు పోటీపడే కేఎన్ఆర్ మున్సిపల్ హైస్కూల్. రెండోది 1875 నాటి వీఆర్ హైస్కూల్. మూతబడి ఉన్న ఆ బడిని బాగుచేసి 2025 జులైలో మున్సిపల్ కార్పొరేషన్ బడిగా మళ్లీ తెరిచారు. ప్రైవేటు రంగంలోని నారాయణ విద్యాసంస్థలు 1979లో ట్యూషన్ గదులుగా మొదలైంది ఈ ఊళ్లోనే. అలాంటి చోట సర్కారు బడికి గిరాకీ రావడం చిన్న విషయం కాదు. కానీ ఈ రెండు బడులను కొలబద్దగా పెట్టుకుని ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు తీర మండలాల బడులను తూచడం అన్యాయం. హైస్కూళ్ల పదో తరగతి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటం మానాలి. ఒక ఆవాసంలో ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో ఎందరు పదో తరగతి దాకా నిలిచారో చూడాలి. ఈ వ్యాసం ప్రతిపాదించే పోలిక అదే.

భవనాల సంగతి త్వరగా తేల్చేయవచ్చు. 2019 నవంబరు 14న మొదలైన ప్రభుత్వ బడుల బాగుచేత పథకం నాడు-నేడు తొలి విడతలో రాష్ట్రంలో 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బల్లలు, ప్రహరీ వంటి పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిగాయి. పని పూర్తయిన చోట నగర శివారు బడికీ సముద్రపు ఒడ్డు బడికీ కంటికి కనిపించే తేడా బాగా తగ్గింది. మిగిలిన తేడా తరగతి గది లోపల ఉంది.

ఏకోపాధ్యాయ బడిలో ఒక పూట కూర్చుంటే అది తెలుస్తుంది. బోర్డు మీద సగం నాలుగో తరగతి గుణకారానికి, సగం ఒకటో తరగతి అక్షరాలకు. నాలుగో తరగతివాళ్లు లెక్క చేస్తుండగా టీచర్ చిన్నపిల్లల పలకలు దిద్దాలి. ఆ మధ్యలోనే హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనానికి గుడ్లు లెక్కచూడాలి. టీచర్ సెలవు పెడితే బడికే సెలవు పెట్టినంత పని. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో ముప్పై మందికి ఒక టీచర్ ఉండాలంటుంది. తీరంలోని చిన్న బడిలో ఆ నిష్పత్తి కాగితం మీద చక్కగా సరిపోతుంది. ఐదు తరగతులకు ఒక్కరే ఉన్నారన్న సంగతి మాత్రం ఆ అంకెలో కనిపించదు. నా దృష్టిలో మన గణాంకాల్లోకెల్లా పెద్ద లోపం ఇదే.

టీచర్ల బదిలీల్లో ఇంటి అద్దె భత్యం, రోడ్డు సౌకర్యం ఆధారంగా బడులను నాలుగు కేటగిరీలు చేసి, మారుమూల బడులకు ఎక్కువ పాయింట్లు ఇస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పాయింట్లు కూడబెట్టుకున్న అనుభవజ్ఞులు తర్వాత నెల్లూరు దగ్గరికి రావాలనుకోవడం సహజం. టీచర్ల నియామకానికి 2025 మెగా డీఎస్సీలో ప్రకటించిన 16,347 పోస్టుల మేలు తీరానికి ఎంత అందిందో తేలాలంటే, కొత్త టీచర్లు అక్కడ ఎన్నేళ్లు ఉంటారో చూడాలి.

ఇక ఇళ్ల సంగతి. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. బడులు తెరిచేది జూన్ 12న. అంటే ఇంట్లో రెండు నెలలుగా వేట రాబడి లేని సమయంలోనే కొత్త చదువు మొదలవుతుంది. మత్స్యకారులైన పట్టపు కుటుంబాల ఇళ్లలో తమిళం కలిసిన మాట వినపడుతుంది. ఆ పిల్లలకు బడి తెలుగే కొత్త, దాని మీద ఇంగ్లీషు మీడియం. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకం శివారు పిల్లవాడికి ఊతం. ఈ పిల్లలకు రెండు పేజీలూ కష్టమే. రొయ్యల గుంటల గట్ల మీద కాపలా కాసే యానాది కుటుంబాలు పని ఉన్నచోటికి కదులుతాయి, పిల్లలూ వాళ్లతోపాటే. బడి పిల్లల సంఖ్యకు ఆధారమైన సెప్టెంబరు 30 నాటి లెక్కలో ఉన్న పేరు సంక్రాంతికి బెంచీ మీద ఉండకపోవచ్చు.

2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు కలిపినప్పుడు శివారుకూ తీరానికీ మధ్య తేడా ఇంకా స్పష్టమైంది. బుజబుజనెల్లూరు వంటి శివారులో కిలోమీటరంటే నాలుగు వీధులు. ముత్తుకూరు వైపు అదే కిలోమీటరులో కృష్ణపట్నం ఓడరేవు లారీలు తిరిగే రోడ్డు దాటాల్సి రావచ్చు, మరోచోట బకింగ్‌హాం కాలువ అడ్డురావచ్చు. ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా పంపడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? 2025లో ఆ జీవోను ఉపసంహరించి, తరగతికో టీచర్ ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను తెచ్చారు. ఇది సరైన మలుపే. అయితే అవి పిల్లల సంఖ్య మీద ఆధారపడినవి కాబట్టి, చిన్న మత్స్యకార ఆవాసాలకు సంఖ్యతో నిమిత్తం లేకుండా కనీసం ఇద్దరు టీచర్లను ఇవ్వాలి.

పదో తరగతి ఉత్తీర్ణత శాతానికి హారం పరీక్ష రాసినవాళ్లే. మధ్యలో వలకో గుంటకో వెళ్లిపోయిన పిల్లవాడు తప్పినవాడి కింద కూడా లెక్కకు రాడు. ఇప్పుడు పిల్లవాడి వారీగా వివరాలు నమోదవుతున్నాయి కనుక పేర్లు లేకుండా, ఆవాసాల వారీగా పట్టిక తయారుచేయడం సాధ్యమే: ఒకటిలో ఎందరు చేరారు, ఐదు దాటి ఎందరు హైస్కూల్‌కు వెళ్లారు, పదేళ్ల తర్వాత ఎందరు పరీక్ష రాశారు. తీర గ్రామమైన మైపాడు పక్కన నెల్లూరును పెట్టి చూడాల్సింది ఆ పట్టికలో.