తెర పెద్దది, ఆట చిన్నది

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు తెర ఎంత నిగనిగలాడితే అంత సంతోషం. తీరా దానిమీద ఆట మొదలెట్టాక ఆ తెరే గుదిబండ అవుతుంది. అప్పుడు కుర్రాళ్ళు చేసే పని ఒకటుంది. 1920 చుక్కల వెడల్పూ 1080 చుక్కల ఎత్తూ ఉన్న తెరకి, 1280 వెడల్పూ 720 ఎత్తూ ఉన్న బొమ్మతోనే సరిపెడతారు. డబ్బు పోసి కొన్న చుక్కల్ని చేజేతులా కాదనుకోవడమేమిటని పెద్దవాళ్ళకి విడ్డూరం. లెక్క చూడండి మరి. మొదటిదానికి 20,73,600 చుక్కలు, రెండోదానికి 9,21,600. ఆట సాగినంతసేపూ వీటన్నిటికీ సెకనుకి 30 సార్లో 60 సార్లో రంగు కట్టాలి. ఆ చాకిరీ సగానికి పైగా తగ్గితే, కుంటుతున్న ఆట పరుగందుకోదూ!

ఈ చిక్కు మొదట్నించీ ఉన్నది కాదు. పిక్చర్ ట్యూబు మానిటర్ల రోజుల్లో తెరకి ఇన్నే చుక్కలన్న పట్టింపు లేదు. ఎలక్ట్రాన్ల కిరణం మెరిసే పూత మీద గీతలు గీసుకుంటూ పోయేది. కంప్యూటర్ ఎన్ని పంపితే అన్ని, తన శక్తి మేరకు. ఐబిఎం 1987లో తెచ్చిన విజిఎ పద్ధతిలో 640, 480 చుక్కలు కావాలంటే 16 రంగులే. 256 రంగులు కావాలంటే 320, 200తో సర్దుకోవాలి. ఆటలు చేసేవాళ్ళు రంగులకే ఓటేశారు. 1993లో వచ్చిన ‘డూమ్’ ఆ 64,000 చుక్కల్లోనే లోకాన్ని భయపెట్టింది. ట్యూబు స్వభావమే చుక్కల అంచుల్ని కాస్త మెత్తబరిచేది కనక, మొరటుదనం అంతగా కంట పడేది కాదు.

ల్యాప్‌టాప్‌తో కథ మారింది. ఎల్‌సిడి తెరకి చుక్కలు ఫ్యాక్టరీలోనే పెట్టేస్తారు, మన ఆడవాళ్ళు ముగ్గుకి ముందు పెట్టినట్టు. ఎనిమిది చుక్కల ముగ్గుని పదహారు చుక్కల మీద వెయ్యమంటే రెట్టింపు చేసి వేసేస్తారు. పన్నెండు మీద వెయ్యమంటే? ఒక్కో చుక్కా ఒకటిన్నర అవ్వాలి. అర చుక్క ఎక్కణ్ణుంచి తేవడం? పక్కపక్క రంగులు కలిపి పులమడమే గతి. 720 బొమ్మ 1080 తెర మీద అలికినట్టు కనబడేది సరిగ్గా ఇందుకే. పాత ల్యాప్‌టాపులు కొన్ని ఈ తంటా పడలేక, 800, 600 తెర మధ్యలో 640, 480 బొమ్మని పెట్టి చుట్టూ నల్లంచు వదిలేసేవి. టేబుల్ మీది కంప్యూటరైతే మానిటర్ మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌కి తెరా యంత్రమూ ముడిపడి పుట్టాయి, విడాకులు కుదరవు.

2012లో యాపిల్ 2880, 1800 చుక్కల రెటీనా తెరతో మ్యాక్‌బుక్ ప్రో తెచ్చింది. దానిమీద సగానికి సగం, అంటే 1440, 900 బొమ్మ వేస్తే ఒక్కో చుక్కా నాలుగవుతుంది, పులమాల్సిన పనే లేదు. కానీ సాగదీయడం అనగానే పులిమేయడం చాలా యంత్రాలకి అలవాటైపోయింది. రెట్టింపంటే రెట్టింపే చెయ్యమని ఆటగాళ్ళు పోరగా పోరగా, 2019లో ఇంటెల్, ఎన్విడియా ఆ సదుపాయం ఇచ్చాయి. పాత చుక్కల ఆటలకి అది వరమే. కొత్త ఆటలకి మాత్రం ఆ మెట్లమెట్ల అంచులకన్నా పులుముడే నయం, నన్నడిగితే.

అంతకన్నా మేలు చేసింది ఇంకో చిన్న ఉపాయం. ఆటలోని లోకాన్ని తక్కువ చుక్కల్లో గీసి, అక్షరాల్నీ అంకెల్నీ మాత్రం తెరకి సరిపడా గీయడం. కొండ మసకగా ఉన్నా ఫరవాలేదు, ప్రాణం ఎంత మిగిలిందో చదవలేకపోతే ఆట ఏం ఆడతాం?

2018లో ఎన్విడియా డిఎల్‌ఎస్‌ఎస్ పేరుతో, చిన్నగా గీసి పెద్దబొమ్మని ఊహించే విద్య తెచ్చింది. అది పనిచెయ్యాలంటే కొత్త ఖరీదైన కార్డు ఉండాలి. అన్నం లేనివాణ్ణి వదిలేసి విందు చేసినట్టుంది వరస! 2021లో ఎఎమ్‌డి తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ పాత కార్డుల మీదా, పోటీ కంపెనీ కార్డుల మీదా కూడా నడిచింది. చదువుకోసమని కొన్న ల్యాప్‌టాప్‌లో చాటుగా ఆడుకునే కుర్రాడికి కలిసొచ్చింది ఇదే.

2022లో వాల్వ్ కంపెనీ చేతిలో పట్టే స్టీమ్ డెక్‌ని అమ్మకానికి పెట్టింది. తెర 7 అంగుళాలు, చుక్కలు 1280, 800. పెద్ద తెర పెట్టి తరవాత తగ్గించుకోవడమెందుకని, ముందే తగ్గించి పెట్టారు.