ఆడుకునే పొద్దు ఎవరిది

సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీది బౌద్ధ ఆరామంలో జరిగిన తవ్వకాల్లో 2024లో ఒక మట్టికుండ బయటపడింది. దాని నిండా ఇక్ష్వాకుల కాలపు సీసపు నాణేలు, లెక్కపెడితే 3,730. పత్రికలన్నీ నాణేల గురించే రాశాయి, రాయవలసిందే. కానీ అదే తవ్వకంలో పూసలు, శంఖపు గాజుల ముక్కలతో పాటు దొరికిన మరో చిన్న వస్తువు మీద ఎవరి చూపూ పెద్దగా నిలవలేదు. అది పిల్లలు ఆడుకునే బొమ్మబండి చక్రం. ఆ బండిని లాగింది ఆ ఇంటి కొడుకో, బిడ్డో చక్రం చెప్పదు. బండి అనగానే మగపిల్లవాడే మన మనసులో మెదులుతాడంటే ఆ ఊహ మనం పెట్టుకున్నదే. అది మనలోకి ఏ దారిన వచ్చిందో వెతుక్కుంటూ పోతే నాకు తేలిన సంగతి ఒకటుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆడామగా తేడా చాలాకాలం బొమ్మలో కన్నా ఆడుకునే చోటులో, ఆడుకోవడానికి దొరికే పొద్దులో ఎక్కువగా ఉండేది. బొమ్మలోకి అది గట్టిగా దిగింది దుకాణాలు, టీవీలు వచ్చాకే. ఈ క్రమం పట్టించుకోకపోతే బొమ్మ రంగు మార్చి పని అయిపోయిందనుకుంటాం.

చక్రం చెప్పని మాటను కావ్యాలు చెప్పాయి. పోతన భాగవతం దశమ స్కంధంలో రెండు బాల్యాలు ఉన్నాయి. కృష్ణుడిది ఆరుబయట, లేగల వెంట, తోటి పిల్లలతో అడవిలో చద్దులు తింటూ గడిచిన బాల్యం. రుక్మిణిది చెలికత్తెల నడుమ బొమ్మల పెండ్లిళ్లు చేస్తూ, వియ్యాలందుతూ, గుజ్జనగూళ్లు వండించి పెడుతూ గడిచిన బాల్యం. ఇద్దరూ రాబోయే జీవితానికి తయారవుతున్నారు, కాకపోతే ఒకరికి ఊరంతా ఇచ్చారు, మరొకరికి ఇల్లు ఇచ్చారు. కృష్ణా నదికి అవతలి గట్టున పుట్టిన పల్నాటి వీర చరిత్రలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. కొడుకు యుద్ధానికి పోకూడదని తల్లి బాలచంద్రుడి చేతికి బొంగరం ఇస్తే, ఆ బొంగరమే ఒక స్త్రీ కాలికి తగిలి, ఆమె నిష్ఠూరమాడి, అతను కారెంపూడి యుద్ధభూమి దారి పడతాడు. మగపిల్లవాడి ఆట వీధిలోకి, అక్కడినుంచి యుద్ధంలోకి సాగుతుంది. ఆడపిల్ల ఆట పెండ్లిపీట దగ్గర ఆగుతుంది. ఈ ఆధారాలను ఓపికగా పోగుచేసినవాడు గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వచ్చిన ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను పక్కనపెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, వాళ్ల పిల్లలు ఏం ఆడారు అని అడిగింది. పిల్లల ఆట చరిత్రకు తగిన విషయమేనని తెలుగులో మొదట గట్టిగా నమ్మిన మనిషి పాలమూరు మనిషి కావడం ఈ నేలకు గర్వకారణం. అయితే కావ్యాల సాక్ష్యం కలిగినింటి సాక్ష్యమన్నది మరువరాదు. రుక్మిణి రాచబిడ్డ. కూలికి పోయే తల్లి బిడ్డకు చెలికత్తెలు లేరు, చంకన తమ్ముడున్నాడు.

పల్లెలోని వస్తువులను దగ్గరగా చూస్తే కథ కొంత మారుతుంది. నల్లగొండ తాటివనాల ఎండాకాలపు బొమ్మ ముంజకాయల బండి. ముంజలు జుర్రుకున్నాక మిగిలిన రెండు బుర్రలను ఒక పుల్లతో ఇరుసులా కలిపి, పంగల కట్టెను ఆ పుల్లకు ఆనించి ముందుకు తోస్తే బండి కదులుతుంది. రెండు రోజులకు బుర్రలు వాడిపోతాయి, మళ్లీ కొత్తవి. ఖర్చు లేదు, రంగు లేదు, ఎవరిదన్న ముద్ర లేదు. నడక నేర్చుకునే పిల్లలకు వడ్లాయన చేసిచ్చే మూడు చక్రాల చెక్కబండి కూడా అంతే, అన్న నడిచిన బండితోనే చెల్లె నడుస్తుంది. కర్ణాటక సరిహద్దున గద్వాల, నారాయణపేట వైపు జ్యేష్ఠ అమావాస్యకు చేసే మట్టి ఎద్దులు పూజ అయ్యాక పిల్లలందరి చేతుల్లోకీ వస్తాయి. బొమ్మ ఇట్లా ఉమ్మడిగానే ఉంది. తేడా ఎక్కడంటే, ముంజలు తినడానికి తాటివనం దాకా ఒంటరిగా పోయే స్వేచ్ఛలో ఉంది. చిర్రగోనెకు, బొంగరానికి, గోటీలకు వీధి కావాలి, చుట్టూ ఖాళీ కావాలి. అష్టాచెమ్మాకు, గచ్చకాయలకు, ఓమనగుంటలకు అరుగు చాలు, పిలిస్తే లేచి పోవచ్చు. తల్లి కేక వినపడేంత దూరంలో ఆడవలసిన ఆటలే ఆడపిల్లల ఆటలుగా స్థిరపడ్డాయని నా అభిప్రాయం. అందులో నేర్పు తక్కువని కాదు, ఓమనగుంటల్లో గింజలు పంచడానికి కావలసిన లెక్క చిన్నది కాదు. కానీ ఆ ఆట ఎప్పుడైనా మధ్యలో ఆగిపోవచ్చు, ఆగడానికి వీలుగానే అది ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. బొడ్డెమ్మ, బతుకమ్మ ఉన్న నేలలో ఆడపిల్లకు ఆట లేదంటారా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. భాద్రపదం చివర, బతుకమ్మకు ముందు, పెండ్లికాని పిల్లలు పుట్టమన్ను తెచ్చి మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను వేస్తారు, అలుకుతారు, పూలు పెట్టి చుట్టూ తిరిగి ఆడతారు, చివర నీళ్లలో వదులుతారు. మన్ను తవ్వడం దగ్గర నుంచి పాట అందుకోవడం దాకా అన్నీ వాళ్లే చేస్తారు. కొనుక్కున్న ఏ బొమ్మా ఆడపిల్ల చేతికి ఇంత పని, ఇంత పెత్తనం ఇవ్వలేదు. ఊరి నడిమి వాకిలిని ఆడపిల్లలు హక్కుగా ఆక్రమించే రోజులివి. నల్లగొండ సాయుధ పోరాట కాలంలో ఉయ్యాల పాట పోరు పాటగా మారగలిగిందంటే ఆ గుంపుకు ముందునుంచీ ఉన్న బలం వల్లనే. అయినా రెండు మాటలు చెప్పక తప్పదు. బొడ్డెమ్మ ఫలం మంచి మొగుడని పెద్దలు ఆ పిల్లలకు చెబుతూనే వచ్చారు. పైగా పండుగకు తేదీ ఉంది, అది దాటితే వాకిలి మళ్లీ మగపిల్లలదే. ఏడాదికి కొన్ని రోజులు దొరికే చోటును ఏడాదంతా దొరికే చోటుతో సమానమనలేం.

తెర మీది వినోదం ఈ పల్లెలకు చిత్రమైన దారిలో వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఉపగ్రహం సాయంతో దేశంలో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపినప్పుడు అందులో మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లున్నాయి. చాలా పట్టణాలు టీవీ చూడకముందే పాలమూరు బడిపిల్లలు పొద్దున పూట దాని ముందు కూర్చున్నారు. ఊరందరికీ ఒకటే పెట్టె, బడి వేళలో సైన్సు పాఠం, ఆడా మగా పక్కపక్కన. ఏడాది కాగానే ఆ ప్రయోగం ముగిసింది. తర్వాత టీవీ ఇంట్లోకి చేరి, ప్రకటనలతో బతికే పెట్టెగా తిరిగొచ్చింది. సినిమా సంగతి వేరు. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడు రోజారమణి. ఆడపిల్ల మగపిల్లవాడి వేషం కడితే జనం మెచ్చుకున్నారు, కానీ ఆ ధైర్యం, ఆ ఎదురుచెప్పడం ఆడపిల్ల పేరుతోనే తెరకెక్కడం అరుదు. హైదరాబాద్‌లో పుట్టి 2008 నుంచి దేశమంతా తిరిగిన ‘ఛోటా భీమ్’ ఆ పాత లెక్కనే కొనసాగించింది. చుట్కీ పిరికిది కాదు, తెలివైనది. అయినా కథ భీముడిది, లడ్డూలు చుట్కీ తల్లివి. 2020లో భీముడు రాకుమారి ఇందుమతిని పెండ్లాడాడన్న వదంతి పుట్టి, చుట్కీకి న్యాయం కావాలని సామాజిక మాధ్యమాలు హోరెత్తాయి. వాళ్లింకా పిల్లలే, ఎవరికీ పెండ్లి కాలేదని నిర్మాణ సంస్థ ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. చాలామంది దాన్ని నవ్వులాటగా తీసుకున్నారు. నాకది రుక్మిణి బొమ్మల పెండ్లికి కొనసాగింపుగా కనిపిస్తుంది. బొమ్మల కథలో కూడా ఆడపిల్లకు జరిగిన అన్యాయమంటే పెండ్లి తప్పిపోవడమే అయింది.

దుకాణపు బొమ్మ వచ్చాక తేడా వస్తువుకే అంటుకుంది. 1959లో అమెరికాలో పుట్టిన బార్బీ, దాని వెంట వచ్చిన గులాబీ అట్టపెట్టెలు, ఇవతల తుపాకులు, జేసీబీలు, రిమోట్ కార్లు. ఇప్పుడు నల్లగొండ జాతరలో బండి మీద కూడా ఏది ఎవరికో పెట్టెను చూస్తేనే తెలిసిపోతుంది. పిల్లల మొగ్గు సహజమేనని, వ్యాపారి దాన్ని అందుకున్నాడంతేనని కొందరంటారు. కోతులకు బొమ్మలిచ్చి చేసిన ప్రయోగాలనూ తోడు తెస్తారు. కొంత మొగ్గు పుట్టుకతో ఉండవచ్చు, దాన్ని కాదనడం నా పని కాదు. కానీ రంగుకు పుట్టుక ఏమిటి? 1918లో ఒక అమెరికన్ దుస్తుల వ్యాపార పత్రిక గులాబీని మగపిల్లలకు, నీలాన్ని ఆడపిల్లలకు సిఫారసు చేసింది. అంత దూరం పోనక్కరలేదు. 2001 నుంచి ఈ జిల్లాల్లో లక్షల మంది మగవాళ్లు తెలంగాణ ఉద్యమ పార్టీ గులాబీ కండువా వేసుకుని తిరిగారు, ఎవరి మగతనమూ తగ్గలేదు. తుపాకీ సంగతికి వస్తే, నల్లగొండ బిడ్డ మల్లు స్వరాజ్యం నిండా ఇరవై ఏండ్లు లేని వయసులో దళాన్ని నడిపింది. అదే జిల్లాలో తండ్రి తుపాకీ బొమ్మ కొడుక్కి కొని, వంటసామాను బిడ్డకు కొంటాడు. ఆ ఎంపికలో పిల్లల మొగ్గు ఎంతో చెప్పడం కష్టం, కొన్నది పెద్దవాళ్లని మాత్రం స్పష్టం.

తిండికే కటకటైన చోట, ముంబై, పుణె దాకా పనికి వలసపోయిన పాలమూరులో, బొమ్మల చర్చ తీరికవాళ్లదని మరో మాట వినిపిస్తుంది. నా వాదన సరిగ్గా ఆ తీరిక గురించే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఆరేండ్లు దాటిన వాళ్లందరినీ అడిగారు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. సర్వే లెక్క ఆరేండ్ల వయసు నుంచి మొదలవుతుందన్నది గమనించాలి. వలసపోయిన ఇంట్లో తల్లి పని పెద్దబిడ్డ మీద పడుతుంది. తెలంగాణలో 20-24 ఏండ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పేదరికం అందరిదీ, కానీ దాని కింద ముందు ఆగిపోయేది ఆడపిల్ల ఆట. అందుకే 1971లో సర్వేల్‌లో గురుకులం తెరిచినప్పుడు అది మగపిల్లల బడి కావడం, ఆడపిల్లల కస్తూర్బా విద్యాలయాల పథకం 2004 దాకా రాకపోవడం నాకు ఆటల చరిత్రలో భాగమే. ఇల్లు దాటిన ఆడపిల్లకు సాయంత్రం గంట ఆట దొరికింది ఇట్లాంటి ఉండి చదువుకునే బళ్లలోనే.

ఇప్పుడు చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్‌లో బొమ్మల పరిశ్రమకు ప్రత్యేక పార్కు తలపెట్టారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి, రంగులో విషం, అంచులో పదును చూస్తారు. పెట్టె మీద ఎవరి బొమ్మ వేయాలో ఏ ప్రమాణమూ చెప్పదు. అది మన నేల మీద బొమ్మ చేసేవాళ్లు తామే తేల్చుకోవచ్చు, జేసీబీ పెట్టె మీద అక్కా తమ్ముడూ ఇద్దరినీ వేయడానికి అదనంగా ఖర్చేమీ కాదు. అయినా నాకు అంతకన్నా పెద్ద పని ఊళ్లో కనిపిస్తోంది. 2022 నుంచి గ్రామగ్రామాన క్రీడా ప్రాంగణాలు పెట్టారు. మైదానం ఉన్నా సాయంత్రం అంట్లు, నీళ్లు, తమ్ముడు ఉన్న పిల్ల అక్కడికి రాలేదు. ఇంటిపని ముట్టుకోలేని గంట ఆమెకు బడిలో ఆటల పీరియడ్ ఒక్కటే. పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే చాలా బళ్లు మొదట తీసేసి లెక్కలకు, సైన్సుకు ఇచ్చేది ఆ పీరియడ్‌నే. మగపిల్లలు దాన్ని సాయంత్రం ఊరి బయట తిరిగి సంపాదించుకుంటారు.