పితృఋణ బాధ్యత

తండ్రి తీర్పక విడిచిన అప్పును కుమారుడు తీర్పవలయునను హిందూ ధర్మశాస్త్ర నియమమునకు పితృఋణ బాధ్యతయని పేరు. ఋణగ్రస్తుడై మరణించినవానికి పరలోకమున దుర్గతి తప్పదనియు, దానిని తొలగించుట పుత్రధర్మమనియు తలంచిన స్మృతికారులు, ఆ భారమునకు మేరయు నేర్పరచిరి. బృహస్పతి మతమున కుమారుడు అసలును వడ్డీతో సహా, మనుమడు అసలు మాత్రమే చెల్లింపవలయును. మునిమనుమనికి ఆ విధి లేదు. జూదమునకు, మద్యమునకు, కాముకత్వమునకు చేసిన అప్పులును, చెల్లింపని దండుగలును పుత్రునికి సోకవు. విజ్ఞానేశ్వరుని మితాక్షర దీనిని స్థిరపరచగా, పదుమూడవ శతాబ్దిని కేతన ఆ గ్రంథమును తెనుగుపద్యములలోనికి తెచ్చెను.

భార్య చేసిన అప్పును భర్తయు, భర్త చేసినదానిని భార్యయు సామాన్యముగా తీర్పనక్కరలేదు. అయినను గొల్లలు, కల్లు సారాయములమ్మువారు, నటులు, చాకళ్లు, వేటకాండ్రు, వీరి భార్యల అప్పులకు భర్తలే బాధ్యులని యాజ్ఞవల్క్యుడు విధించెను. ఏలయన వారి జీవనము ఆ స్త్రీల కష్టముపై నాధారపడినది. కుటుంబమును పోషించు చేతులెవ్వరివో గుర్తించి చెప్పిన ఈ మాట, స్మృతులలో మిక్కిలి న్యాయమైన వానిలో నొకటి.

విజయనగర సంస్థానములోని చీపురుపల్లి ప్రాంతమున ఈ బాధ్యతకు పెద్ద నిదర్శనము జమీందారీ చరిత్రలోనే కలదు. విజయనగర సంస్థానాధీశుడు నారాయణ గజపతి ఋణములు మిగిల్చి 1845లో కాశీయందు మరణింపగా, కుమారుడు విజయరామ గజపతి సంస్థానమును కొన్నియేండ్లు దొరతనమువారి నిర్వహణముననే యుంచి, 1852లో గాని స్వయముగా చేపట్టలేదు.

ఆంగ్లేయ న్యాయస్థానములు ధర్మమును ఆస్తికి ముడివేసినవి. ఆస్తి దక్కని కుమారునిపైకూడ భారము మోపుచున్న బొంబాయి పద్ధతిని 1866నాటి శాసనము మాన్పెను. 1874లో గిర్ధారీలాల్ వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిల్, అధర్మకార్యమునకు కాని తండ్రియప్పునకు పుత్రుని చేతనున్న పూర్వికాస్తి లోనగునని తీర్మానించెను. 1908 సివిల్ ప్రొసీజర్ కోడు దానినే శాసనముగావించెను. పుత్రుని స్వార్జితము మాత్రము దీనికి వెలుపలిదే. అనగా షావుకారు ప్రోనోటుపై డిక్రీ పొంది జప్తు చేయదలచినను, ఉమ్మడి భూమిని దాటి పోజాలడు. 1938నాటి మదరాసు రైతు ఋణవిమోచన చట్టము, అప్పటికి విశాఖపట్టణము జిల్లాలోని చీపురుపల్లి తాలూకాకును వర్తించినది. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీని అది రద్దుచేయుటచే, తండ్రుల అప్పులు మోయుచున్న రైతుబిడ్డలకు నిజమైన ఊరట కలిగినది.

కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఆంధ్రప్రదేశమున 1986 చట్టముచేతను, దేశమంతట 2005 హిందూ వారసత్వ సవరణచేతను సిద్ధించినది. ఈ రెండవ చట్టమే 2005 సెప్టెంబరు 9 తరువాతి అప్పుల విషయమున పుత్రధర్మమను హేతువుమాత్రమున కొడుకుపై, మనుమనిపై దావాకు తావులేదని శాసించెను. అంతకు ముందరి అప్పులకు పాతనియమమే చెల్లును. నేడు వారసులు, స్త్రీలైనను పురుషులైనను, మృతుని ఆస్తిలో తమకు చేరినంతవరకే బాధ్యులు. ఏమియు చేరనివానిని షావుకారు ఎంత ఒత్తిడిచేసినను, చట్టము వానివైపే నిలుచును. నోటుపై స్వయముగా సంతకము చేసినవాడును, జామీను నిలిచినవాడును మాత్రము బంధుత్వముచే గాక తమ ఒప్పందముచేతనే బద్ధులు.