మన్రోలప్ప: ఒక పేరు పూర్వాపరములు

రాయలసీమ పల్లెలలో కొన్ని తరముల క్రిందట మన్రోలప్ప, మన్రోలయ్య అను పేర్లు గల రైతులుండిరి. తిమ్మప్ప, హనుమంతప్పల నడుమ ఇదియు అచ్చముగా ఈ నేల పేరే అనిపించును. కాని దీని మూలము స్కాట్లండులోని గేలిక్ భాష.

అక్కడ మన్రో యనునది వంశనామము. ఆ వంశము వారి పూర్వులు ఐర్లండులోని రో అను ఏటి ప్రాంతమునుండి వచ్చిరని ఐతిహ్యము. గేలిక్ భాషలో "బున్" అనగా అడుగు, లేక ఏరు సముద్రములో కలియు చోటు. ఆ "బున్ రో" యే మన్రో అయ్యెనని చెప్పుదురు. మన ఇంటిపేర్లలో ఊళ్ల పేర్లు నిలిచినట్లే యిది. ఏటి పేరు మోసినవాడు వానకు మొగము వాచిన అనంతపురమునకు రావలసి వచ్చెను!

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో జన్మించి, 1780లో కంపెనీ సైన్యములో చేరుటకు మద్రాసు చేరెను. 1800లో నైజాము ఈ సీమను కంపెనీకి అప్పగించగా దత్తమండలములకు ప్రధాన కలెక్టరై, 1807 వరకు అనంతపురము ముఖ్య నివాసముగా పాలించెను. పొలములు కొలిపించి, నడుమ జమీందారు లేకుండ రైతుతోనే శిస్తు ఏర్పాటు చేసెను. ఆ శిస్తు తేలికైనదేమియు కాదు. 1807లో దానిని నాలుగవ వంతు తగ్గింపుమని ఆయనయే వ్రాసెను. పైవారు వినక, ఊళ్లను గుత్తకిచ్చిరి. 1820లో ఆయన గవర్నరైన పిమ్మటనే ఆ తగ్గింపు జరిగెను. నడుమ పదమూడేండ్లు గుత్తదారుల చేత నలిగిన రైతుకు మన్రో దొర మాట తీపిగా తోచుటలో వింత లేదు. పాలెగాండ్రను అణచినవాడును ఆయనయే గనుక, వారి యిండ్లలో ఈ పేరు పెట్టియుండరని నా తలంపు.

ఇక పేరు తెలుగైన తీరు చూడుడు. రాముడు రాములైనట్లు, ఆంజనేయుడు ఆంజనేయులైనట్లు, మన్రోకు గౌరవముగా "లు" చేరెను. ఆపై "అప్ప" అనగా తండ్రి. మన సంఘములలో మిషనరీల పేర్లు బిడ్డలకు పెట్టుట వాడుకయే. ఇది అట్టిది కాదు. పెట్టినవారు హిందూ రైతులు. ఆయనను మాండవ్య ఋషి అవతారమనిరి. మంత్రాలయములో రాఘవేంద్రస్వామి ఆయనకు కనబడి మాటలాడెనని నేటికిని చెప్పుకొందురు. ఈ కథల నిజానిజములు ఎట్లున్నను, పరాయి దొరను తమవానిగా చేసికొను ప్రయత్నము వానిలో కలదు.

స్వదేశమునకు పోవుటకు ముందు ఈ సీమను మరల చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించెను. గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో అవశేషములను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. అటు పిమ్మట పుట్టిన మగబిడ్డలకును ఇక్కడివారు మన్రోలప్ప అని పేరు పెట్టుచు వచ్చిరి.