వెనుక నెంబరుకు వెలుగు

కొంతకాలము క్రిందట ఒక రాత్రి నేను ఊరికి తిరిగి వచ్చుచుండగా ఒక పోలీసు జవాను నా కారు నాపెను. కాగితములన్నియు సరిగనే ఉన్నవి. అయినను అతడు కారు వెనుకకు పోయి వచ్చి, "నెంబరు ప్లేటు లైటు వెలగడం లేదండి. ఇట్లాంటి బండి ఎవరికైనా తగిలించి వెళ్ళిపోతే, అది ఏ బండో పడిపోయినవాడికి ఎట్లా తెలుస్తుంది?" అని అడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని. మరునాడు బల్బు మార్చుటకు పది నిమిషములు పట్టినది. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దానికి సమాధానము వెదకుచు పోగా ఒక చిన్న చరిత్రయే కనబడినది.

మోటారు బండికి గుర్తు పలక ఉండవలెనను ఆజ్ఞ మొదట పారిస్ నగరములో వెలువడినది. 1893 ఆగస్టు 14న అచ్చటి పోలీసు అధికారి ఒక శాసనము చేసెను. ప్రతి వాహనమునకు ఎడమప్రక్క ఒక లోహపు పలకపై యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య స్పష్టముగా ఉండవలెను. ఆ పలకకు దేనిని అడ్డము పెట్టరాదు. గుర్రపు బండిని తోలువాని ముఖము ఊరివారికి తెలియును. వేగముగా పోవు యంత్రమును నడుపువాని ముఖము ఎవరికి తెలియును? అందుచేత ముఖమునకు బదులు సంఖ్య అవసరమైనది.

ఇంగ్లండులో 1903లో మోటారు కార్ల చట్టము చేయబడి 1904 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. 'ఏ 1' అను సంఖ్య ప్రసిద్ధ తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ అన్నగారైన ఎర్ల్ రస్సెల్ కారుకు లభించినది. పగటివేళ సరే, రాత్రివేళ సంఖ్య కనబడుట ఎట్లు? చీకటిలో వెనుక పలకమీది ప్రతి అక్షరము, అంకె కనబడునట్లు ఒక దీపము వెలుగుచుండవలెనని అక్కడి నిబంధన విధించినది. ఆనాటి వెనుక దీపము చాలవరకు నూనె దీపమే. దాని వెనుకవైపున ఎర్రని అద్దము, ప్రక్కన తెల్లని అద్దము అమర్చెడివారు. ఒకే జ్వాల వెనుక వచ్చువారికి ఎర్రగా హెచ్చరిక చేయుచు, పలకపై తెల్లని వెలుగును పరచెడిది. ఈ ఉపాయము నేటికిని చావలేదు. అనేక స్కూటర్లకు, మోటారు సైకిళ్ళకు వెనుక ఎర్రదీపపు అడుగున ఒక తెల్లని కిటికీ ఉండును. నెంబరుపై పడు వెలుగు అందుండి వచ్చునదే.

విద్యుద్దీపము అప్పటికే ఉన్నది గదా, దానినేల వాడలేదని విద్యార్థులు అడుగవచ్చును. 1879 నాటి ఎడిసన్ దీపములోని తంతువు బొగ్గుది. అది ఇంటి గోడకు తగును గాని గతుకుల బాటపై కుదుపులకు తాళదు. 1904లో జస్ట్, హనామన్ అనువారు టంగ్‌స్టన్ తంతువును తయారుచేసిరి. టంగ్‌స్టన్ ద్రవీభవన స్థానము 3422 డిగ్రీల సెంటీగ్రేడు. కాని ఆ మొదటి తంతువులు మిక్కిలి పెళుసు. 1910లో అమెరికాలో విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్‌ను సన్నని తీగగా సాగదీయు పద్ధతి కనుగొనెను. కుదుపులకు ఓర్చుకొను తీగ దొరికినది. 1912 నాటి కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరుతో పాటు విద్యుద్దీపములును ఏర్పడినవి. క్రమముగా నూనె దీపములు అంతరించినవి.

ఇప్పుడు ఆ బల్బును చేతిలోనికి తీసికొందము. దానిపై సాధారణముగా 12 వోల్టులు, 5 వాట్లు అని ఉండును. లెక్క ప్రకారము దానిలో ప్రవహించు విద్యుత్తు సుమారు 0.42 ఆంపియరు, వెలుగునప్పటి నిరోధము 28.8 ఓములు. కాని చల్లని బల్బును మీటరుతో కొలిచిన మూడు ఓములకు అటునిటుగా మాత్రమే చూపును. ఉష్ణోగ్రతతో పాటు లోహపు నిరోధము పెరుగుటయే దీనికి కారణము. కావున స్విచ్చి వేసిన క్షణమున బల్బులోనికి ఎన్నో రెట్లు అధికముగా విద్యుత్తు దూకును. ఇంతలో తంతువునుండి టంగ్‌స్టన్ కొద్దికొద్దిగా ఆవిరియగుచుండును. సన్నబడిన చోట వేడి హెచ్చును, వేడి హెచ్చినచోట మరింత సన్నబడును. ముసలి బల్బు తరచుగా స్విచ్చి వేయగనే పోవుటలోని రహస్యమిదియే. ఈ కొలతను తరగతిలో చేసి చూపుట ఏమంత కష్టము కాదు.

బల్బును ఇంటివద్ద మార్చుట సులభము. మొదట దీపములను, ఇంజనును ఆపి బల్బు చల్లారనీయవలెను. పలకపైనున్న చిన్న అద్దపు మూతను మరలు విప్పి గాని, మెల్లగా ఎత్తి గాని తీయవలెను. రెండు కొనలయందు లోహపు టోపీలున్న గొట్టపు బల్బు అయినచో ఒక రేకును కొంచెము వంచి తీయవలెను. గాజు మొదలే గ్రుచ్చబడిన బల్బును గుడ్డతో పట్టి తిన్నగా లాగవలెను. తంతువు తెగకున్నను బల్బు వెలుగనిచో రేకులను చూడుడు. వాననీరు చేరి చిలుము పట్టియుండును. గరుకు కాగితముతో రుద్దిన చాలును. క్రొత్త బల్బు అదే వోల్టులు, అదే వాట్లు గలదై ఉండవలెను. ఎల్.ఇ.డి. దీపము వెలుగనిచో త్రిప్పి పెట్టి చూడవలెను, దానిలో విద్యుత్తు ఒకే దిశగా ప్రవహించును గనుక. నీలి ఎల్.ఇ.డి. కనుగొన్న అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి లభించినది. నేటి తెల్లని ఎల్.ఇ.డి. వెలుగుకు మూలమదియే.

మన దేశములో 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి, వెనుక సంఖ్య 15 మీటర్ల దూరమునకు కనబడునట్లు తెల్లని వెలుగు ఉండవలెనని చెప్పుచున్నది. "నేటి ప్లేట్లు వాటంతటవే మెరయుచున్నవి గదా, బల్బెందుకు?" అని కొందరందురు. ఇచ్చటనే భౌతికశాస్త్రము మనకు తోడ్పడును. ఆ పలకపైనున్న పొర తనపై పడిన కాంతిని వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును. టార్చిని కంటిదగ్గర పెట్టుకొని పలకను చూడుడు, అది ధగధగ మెరయును. అదే టార్చిని మిత్రునికిచ్చి దూరముగా నిలువబెట్టుడు, మీకు మెరుపు తగ్గిపోవును. కావున వెనుక వచ్చు కారు దీపపు వెలుగులో ఆ కారు నడుపువానికి సంఖ్య కనబడును. దెబ్బ తిని రోడ్డు ప్రక్కన పడియున్న పాదచారి చేతిలో దీపమేది?

జవాను అడిగిన ప్రశ్నకు సమాధానమిదియే. ముందు దీపములు మన కొరకు, మన దారి కొరకు. వెనుకనున్న ఈ అయిదు వాట్ల వెలుగు మాత్రము మనకు కనబడదు, మనకు దారి చూపదు. అది పూర్తిగా ఇతరుల కొరకు వెలుగునది. అది ఆరిపోయినను నడుపువానికి తెలియదు. అందుచేతనే నెలకొకసారియైనను దిగి, వెనుకకు పోయి చూచుట మన విధి.