భారీ యంత్రాల ఆపరేటర్ల భద్రతా శిక్షణ: దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ

మట్టిని తవ్వే, నెట్టే, బరువులను ఎత్తే, మోసే పెద్ద యంత్రాలను నడిపేవారికి, ఆ యంత్రాల వల్ల తమకు గాని చుట్టూ పనిచేసేవారికి గాని హాని కలగకుండా పనిచేయడం నేర్పి, నేర్చినదాన్ని పరీక్షించి, నిర్ణీత కాలానికొకసారి మళ్లీ సరిచూసే ఏర్పాటును భారీ యంత్రాల ఆపరేటర్ల భద్రతా శిక్షణ అంటారు. యంత్రం నడపడం నేర్పే శిక్షణ ఏ లీవరు కదిపితే బకెట్ ఎటు తిరుగుతుందో చెబుతుంది; భద్రతా శిక్షణ ఏ పరిస్థితిలో ఆ లీవరును ముట్టకూడదో చెబుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని దుబాయ్ నగరంలో, అల్ వర్సాన్ ప్రాంతంలో ఉన్న ఇంటర్నేషనల్ సిటీ ఈ శిక్షణ అవసరాన్ని దగ్గరగా చూపే చోట్లలో ఒకటి. ఇసుక నేల మీద ఈ యంత్రాలతోనే ఆ కాలనీ లేచింది, దక్షిణాసియా నుంచి వలస వచ్చినవారు పెద్ద సంఖ్యలో అక్కడ నివసిస్తున్నారు, ఇప్పుడు మెట్రో నిర్మాణంతో అదే నేలను మళ్లీ తవ్వవలసి వస్తోంది.

స్థల నేపథ్యం

ఇంటర్నేషనల్ సిటీని నఖీల్ సంస్థ 2000ల తొలి దశకంలో సుమారు 800 హెక్టార్ల విస్తీర్ణంలో నిర్మించింది. చైనా, ఇంగ్లండ్, ఫ్రాన్స్, రష్యా, స్పెయిన్, మొరాకో, పర్షియా, గ్రీస్ వంటి దేశాల పేర్లతో, ఆయా దేశాల కట్టడ శైలిని తలపించేలా అపార్ట్‌మెంట్ సముదాయాలను కట్టి, పక్కనే 2004లో డ్రాగన్ మార్ట్ అనే చైనా సరుకుల బజారును తెరిచారు. సుమారు 1.2 కిలోమీటర్ల పొడవున డ్రాగన్ ఆకారంలో సాగే ఈ బజారులో పనిముట్ల నుంచి నిర్మాణ సామగ్రి దాకా దొరుకుతుంది కాబట్టి, సరుకు దించే ఫోర్క్‌లిఫ్టులు, ట్రక్కులు ఈ ప్రాంతపు దైనందిన జీవితంలో భాగం.

దుబాయ్ మెట్రో బ్లూ లైన్ ఈ కాలనీ మీదుగానే వెళ్తుంది. 30 కిలోమీటర్ల పొడవు, 14 స్టేషన్లు గల ఈ మార్గానికి 2024 డిసెంబరులో కాంట్రాక్టు ఇచ్చి, 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. 2029 సెప్టెంబరు 9న ప్రారంభించాలన్నది లక్ష్యం. మార్గంలో సుమారు సగం భూగర్భంలో ఉంటుంది. గ్రీన్ లైన్ నుంచి, రెడ్ లైన్ నుంచి వచ్చే రెండు శాఖలు ఇంటర్నేషనల్ సిటీలోని భూగర్భ స్టేషన్‌లో కలుస్తాయి. జనం కాపురాలుండే వీధుల పక్కన లోతైన తవ్వకం సాగేటప్పుడు ఆపరేటర్ చేసే పొరపాటు పనిస్థలం కంచె దగ్గర ఆగదు. భద్రతా శిక్షణ విలువను కొలిచేటప్పుడు ఈ సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

యంత్రాలు, ప్రమాదాల స్వభావం

తెలుగువారు వెనకా ముందూ పనిచేసే బ్యాక్‌హో లోడరును తయారీ సంస్థ పేరుతో జేసీబీ అనీ, గొలుసు చక్రాల మీద నడిచే ఎక్స్‌కవేటరును పాత తయారీ సంస్థ పేరుతో పొక్లెయిన్ అనీ పిలుస్తారు. ముందు వైపు పెద్ద బకెట్ గల వీల్ లోడరు గల్ఫ్ కార్మికుల మాటల్లో షవల్ అవుతుంది. డోజరు, గ్రేడరు, రోలరు, టిప్పరు, మొబైల్ క్రేన్, ఫోర్క్‌లిఫ్టు ఈ వర్గంలో తరచు కనిపించే తక్కిన యంత్రాలు.

ఈ యంత్రాల వల్ల జరిగే ప్రాణహాని ప్రధానంగా కొన్ని రకాలకు చెందుతుంది: యంత్రం బోల్తా పడటం, వెనక్కి వస్తూ మనిషిని తొక్కడం, తిరిగే భాగానికీ గోడకూ మధ్య మనిషి నలిగిపోవడం, ఎత్తిన బరువు జారిపడటం, బూమ్ అనే పొడవాటి చేయి విద్యుత్ తీగకు తగలడం, తవ్విన గోతి గట్టు కూలడం. ఎక్స్‌కవేటర్ పైభాగం పక్కకు తిరిగినప్పుడు దాని వెనకనున్న ప్రతిభారం కూడా వలయంగా తిరుగుతుంది. క్యాబిన్‌లోని మనిషి చూపు బకెట్ మీద ఉండటం వల్ల వెనక జరిగేది అతనికి కనిపించదు. యంత్రం చుట్టూ ఆపరేటర్‌కు కనిపించని ఇలాంటి భాగాన్ని అంధ ప్రాంతం అంటారు. శిక్షణలో ఆపరేటర్‌ను క్యాబిన్‌లో కూర్చోబెట్టి, మరో కార్మికుడిని యంత్రం చుట్టూ నడిపించి, అతడు ఎక్కడ మాయమై ఎక్కడ మళ్లీ కనిపిస్తాడో నేల మీద సున్నంతో గీయించడం ఈ ప్రాంతాన్ని తెలియజెప్పే తేలికైన పద్ధతి.

చట్టాలు, అనుమతులు

ఎమిరేట్స్‌లో ఉద్యోగ సంబంధాలను నియంత్రించే 2021 నాటి 33వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చింది. పనిలో ఎదురయ్యే ప్రమాదాల నుంచి కార్మికుడిని కాపాడే సాధనాలను సమకూర్చడం, వాటిని వాడటంలో అతనికి శిక్షణ ఇవ్వడం యజమాని బాధ్యత అని ఈ చట్టం చెబుతుంది. పని ప్రమాదంలో కార్మికుడు మరణిస్తే 24 నెలల మూల వేతనానికి సమానమైన పరిహారాన్ని, 18,000 దిర్హమ్‌లకు తగ్గకుండా, 2,00,000 దిర్హమ్‌లకు మించకుండా, అతని కుటుంబానికి చెల్లించాలి.

దుబాయ్‌లో ఆపరేటర్ దగ్గర సాధారణంగా రెండు రకాల పత్రాలు ఉండాలి. మొదటిది రోడ్లు, రవాణా సంస్థ, అంటే ఆర్‌టీఏ, యాంత్రిక పరికరాల కోసం ఇచ్చే డ్రైవింగ్ లైసెన్సు. రెండోది మూడో పక్షం ఇచ్చే సామర్థ్య ధ్రువపత్రం. యజమానికి గాని కార్మికుడికి గాని చెందని, గుర్తింపు పొందిన తనిఖీ సంస్థను మూడో పక్షం అంటారు. క్రేన్ ఆపరేటర్లకూ, బరువులకు తాళ్లు, గొలుసులు కట్టే రిగ్గర్లకూ ఈ రెండో పత్రం ముఖ్యం. మనిషికి ఉన్నట్టే యంత్రానికీ పత్రం ఉంటుంది: క్రేన్‌ను, బరువు కట్టే సామగ్రిని నిర్ణీత గడువుల్లో తనిఖీ చేయించి, సురక్షితంగా ఎత్తగల బరువును దాని మీద రాయిస్తారు. తవ్వకం మొదలుపెట్టే ముందు విద్యుత్తు, నీటి సంస్థ దేవా నుంచి అభ్యంతరం లేదనే పత్రాన్ని తెచ్చుకుంటే, భూమిలోని కేబుళ్లు, గొట్టాలు ఎక్కడున్నాయో ఆపరేటర్‌కు ముందే తెలుస్తుంది.

శిక్షణలోని అంశాలు

శిక్షణ సాధారణంగా తరగతి గది పాఠం, యంత్రం మీద అభ్యాసం, పనిస్థలం పరిచయం అనే మూడు దశల్లో సాగుతుంది. అన్నిటికంటే ముందు నేర్పేది ప్రతి ఉదయం ఇంజను వేయకముందు చేసే ప్రదక్షిణ తనిఖీ. ఆపరేటర్ యంత్రం చుట్టూ నడుస్తూ, రాత్రి నిలిపిన చోట ఇసుక మీద నూనె మరక పడిందేమో చూస్తాడు; హైడ్రాలిక్ గొట్టాల అతుకులను, గొలుసు బిగువును, బకెట్ పిన్నులను పరిశీలిస్తాడు; అద్దాల మీద పేరుకున్న దుమ్మును తుడుస్తాడు. బకెట్‌ను త్వరగా మార్చడానికి వాడే క్విక్ హిచ్ అనే కొక్కెంలో రక్షణ పిన్ను సరిగ్గా కూర్చుందో లేదో తప్పకుండా చూడాలి, ఎందుకంటే అది పట్టు తప్పితే బకెట్ మొత్తంగా ఊడి కిందపడుతుంది. క్యాబిన్ ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చేయీ ఎప్పుడూ యంత్రానికి ఆని ఉండాలి. దీన్ని మూడు ఆధారాల నియమం అంటారు. ఎక్కాక హారను, వెనక్కి వచ్చేటప్పుడు మోగే అలారం, బ్రేకులు పనిచేస్తున్నాయో చూసి, సీటు బెల్టు పెట్టుకోవాలి. బోల్తా పడినప్పుడు నలిగిపోకుండా క్యాబిన్ చుట్టూ ఉండే ఉక్కు చట్రం, బెల్టు పెట్టుకున్నవాణ్ణి మాత్రమే కాపాడగలదు. బెల్టు లేనివాడు బయటికి విసిరివేయబడి ఆ చట్రం కిందే పడవచ్చు.

క్రేన్ శిక్షణకు గుండెకాయ లోడ్ చార్టు. బూమ్ ఎంత పొడవు చాచితే, బరువు ఎంత దూరంలో ఉంటే, ఎన్ని టన్నులు ఎత్తవచ్చో చెప్పే పట్టిక ఇది. పొలాల్లో నీళ్లు తోడే ఏతాన్ని చూసినవారికి ఇందులోని సూత్రం కొత్తది కాదు: ఇరుసుకు దూరంగా ఉన్న కొద్దీ అదే బరువు ఎక్కువగా లాగుతుంది. 5 టన్నుల బరువు 4 మీటర్ల దూరంలో ఉంటే క్రేన్‌ను పడదోసే బలం 20 టన్ను మీటర్లు. అదే బరువు 8 మీటర్లకు జరిగితే 40 అవుతుంది. 50 టన్నుల క్రేన్ అన్న పేరు బూమ్ దగ్గరగా ఉండి, ప్రతిభారం పూర్తిగా పెట్టి, అవుట్‌రిగ్గర్లనే పక్క కాళ్లను చాచి నిలిపినప్పటి గరిష్ఠ సామర్థ్యాన్నే సూచిస్తుంది. ఎమిరేట్స్ తీరప్రాంతంలో సబ్ఖా అనే ఉప్పు నేల పైకి గట్టిగా కనిపించి లోపల తడిగా ఉంటుంది కాబట్టి, ఆ కాళ్ల కింద వెడల్పాటి పలకలు వేసి భారాన్ని పరచాలి.

తవ్వకాల విషయంలో అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా నియమాలను తరచు కొలమానంగా చూపుతారు. వాటి ప్రకారం ఇసుక వంటి వదులు నేలలో గోతి గట్టును ప్రతి 1 మీటరు లోతుకు 1.5 మీటర్ల వెడల్పున వాలుగా కోయాలి. తవ్వి తీసిన మట్టిని అంచుకు కనీసం 0.6 మీటర్ల దూరంలో పోయాలి. 50 కిలోవోల్టుల వరకు గల విద్యుత్ తీగల నుంచి క్రేన్ ఏ భాగమైనా కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి.

సైగల భాష

ఆపరేటర్‌కు కనిపించని చోటును అతని బదులు చూసి సైగలు చేసే మనిషిని బ్యాంక్స్‌మన్ అంటారు. ముంజేతిని నిటారుగా ఎత్తి చూపుడువేలితో గుండ్రంగా తిప్పితే బరువును పైకి ఎత్తమని అర్థం. చేతిని పక్కకు చాచి అరచేయి కిందికి పెట్టి ఊపితే ఆపమని అర్థం. రెండు చేతులతోనూ అలా చేస్తే తక్షణం ఆపాలి. తక్కిన సైగలన్నీ నియమితుడైన ఒక్క బ్యాంక్స్‌మన్ నుంచే తీసుకోవాలి గాని, ఆపమనే సైగ ఎవరు చేసినా, చివరికి నిన్న చేరిన హెల్పర్ చేసినా, ఆపరేటర్ ఆపి తీరాలి. బ్యాంక్స్‌మన్ కనబడకపోతే యంత్రం కదలకూడదు.

ఎండ

జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో, ఆరుబయట పనిచేయించడాన్ని ఎమిరేట్స్ ప్రభుత్వం నిషేధించింది. ఉల్లంఘిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హమ్‌ల చొప్పున, గరిష్ఠంగా 50,000 దిర్హమ్‌ల జరిమానా ఉంటుంది. ఏసీ క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఎండతో పని లేదనే అభిప్రాయాన్ని శిక్షణలో సరిదిద్దాలి. ఏసీ పాడైన క్యాబిన్ గాజు పెట్టెలా వేడెక్కుతుంది, వడదెబ్బ మొదట మందగింపజేసేది నిర్ణయశక్తినే. కిందనున్న రిగ్గర్, బ్యాంక్స్‌మన్ ఎండలోనే ఉంటారు కాబట్టి, వారి తడబాటును గుర్తించడం కూడా ఆపరేటర్ పనిలో భాగం.

తెలుగు ఆపరేటర్లు, భాష

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచీ, కడప, గోదావరి జిల్లాల నుంచీ దశాబ్దాలుగా గల్ఫ్‌కు వలస సాగుతోంది. పదో తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులకు ఎమిగ్రేషన్ తనిఖీ ముద్ర ఉంటుంది. వారు ఎమిరేట్స్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి పొందాలి. ఇలా వెళ్లేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన, ప్రమాదవశాత్తు మరణానికీ శాశ్వత వైకల్యానికీ 10 లక్షల రూపాయల రక్షణ కల్పిస్తుంది. భారత విదేశాంగ శాఖ 2018 నుంచి బయలుదేరే ముందు అవగాహన శిక్షణ ఇప్పిస్తోంది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ విదేశీ ఉద్యోగ నియామకాలు చేపడుతుంది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ నిర్మాణరంగ వృత్తుల్లో శిక్షణ ఇస్తుంది.

గల్ఫ్ పనిస్థలాల్లో కార్మికుల మధ్య వాడుక భాష ప్రధానంగా హిందీ, కాగితాల భాష ఇంగ్లీషు, అరబిక్. పని మొదలుకాకముందు ఫోర్‌మన్ పది నిమిషాలు చెప్పే టూల్‌బాక్స్ టాక్ ముగిశాక అందరూ హాజరు పట్టీలో సంతకం చేస్తారు. ఆ సంతకం మనిషి వచ్చాడని చెబుతుందే గాని, అతనికి అర్థమైందని చెప్పదు. అందుకే విన్నదాన్ని కార్మికుడి చేత అతని సొంత మాటల్లో తిరిగి చెప్పించడం, యంత్రం దగ్గర చేసి చూపించమనడం నమ్మదగిన పరీక్షలుగా భావించబడతాయి. చదువు తక్కువైనా యంత్రం మీద గట్టి పట్టు ఉన్న ఆపరేటర్‌కు లోడ్ చార్టును బొమ్మలతో, మాతృభాషలో వివరిస్తే అతని అనుభవం దానికి తోడవుతుంది.

ప్రమాదాల నుంచి పాఠాలు

2015 సెప్టెంబరు 11న మక్కాలోని మస్జిదుల్ హరామ్ వద్ద పెనుగాలికి భారీ క్రాలర్ క్రేన్ కూలి 100 మందికి పైగా మరణించారు. తయారీదారు సూచనల ప్రకారం వాడనప్పుడు దించవలసిన బూమ్‌ను లేపి ఉంచారని సౌదీ దర్యాప్తు పేర్కొంది. 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది మరణించారు. ఈ రెండు ఘటనల్లోనూ రోజువారీ బరువు ఎత్తే పని జరగడం లేదు. ఒకచోట క్రేన్ ఖాళీగా నిలిచి ఉంది, మరోచోట పరీక్షలో ఉంది. నిలిపి ఉంచడం, పరీక్షించడం, మరమ్మతు చేయడం కూడా యంత్రపు పనిలో భాగాలే కాబట్టి, బకెట్‌ను నేలకు దించి, ఇంజను ఆపి, తాళం చెవి తీసుకుని దిగేదాకా ఆపరేటర్ బాధ్యత ముగియదని భద్రతా శిక్షణ బోధిస్తుంది.