లేని జాతికి రాగం

2015లో 'బాహుబలి' విడుదలైనాక కాలకేయుల కిలికి భాష కొన్నాళ్ళు పిల్లల నోళ్ళలో ఆడింది. తమిళ గీత రచయిత మదన్ కార్కి ఆ చిత్రం కోసం సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో కల్పించిన భాష అది. దాన్ని తెరకెక్కించిన రాజమౌళి పుట్టింది మన కర్ణాటకలోనే, రాయచూరు జిల్లా అమరేశ్వర క్యాంపులో. లేని జాతికి భాష కల్పించినట్టే సంగీతాన్నీ కల్పించవచ్చునా అని ఆలోచిస్తే నాకు వెంకటమఖి గుర్తుకు వస్తాడు.

ఆయన తండ్రి గోవింద దీక్షితులు కన్నడిగుడు, తంజావూరు తెలుగు నాయకరాజులకు మంత్రి. 17వ శతాబ్దంలో విజయరాఘవ నాయకుని ఏలుబడిలో వెంకటమఖి సంస్కృతంలో 'చతుర్దండి ప్రకాశిక' రాశాడు. కన్నడ ఇల్లు, తెలుగు కొలువు, తమిళ నేల. బెంగళూరు తెలుగువాళ్ళకు ఈ కలయిక కొత్త కాదు.

ఆయన చేసింది ఒక లెక్క. స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలకు పదహారు పేర్లు పెట్టుకుంటే రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు వస్తాయి. ఆరింటిని ఆరింటితో కలిపితే 36. మధ్యమాలు రెండు కనుక మొత్తం 72 మేళాలు. అప్పటికి వాడుకలో ఉన్నవి మాత్రం 19. మిగిలిన 53 ఎవరూ పాడనివి. అలాంటప్పుడు అవెందుకు? ఇతర దేశాల రాగాలకూ, ఇకముందు పుట్టబోయే రాగాలకూ కూడా ఇందులో చోటుండాలన్నది ఆయన ఉద్దేశం. ఇంకా పుట్టని పాటకు ముందుగానే వరుస కట్టి పెట్టాడన్నమాట.

అయితే స్వరాల వరుస ఒక్కటే రాగం కాదు. ఏ స్వరాన్ని ఊపాలో, ఎక్కడ నిలవాలో లెక్క చెప్పదు. 26వ మేళాన్నే చూడండి. పూర్వాంగం శంకరాభరణానిది, ఉత్తరాంగం తోడిది. ఆ 19లో ఇది లేదు. తరువాతి వాళ్ళు దీనికి చారుకేశి అని పేరు పెట్టారు. కటపయాది లెక్కలో 'చ' ఆరు, 'ర' రెండు, తిరగవేస్తే 26. ఈ మేళంలో త్యాగరాజు (1767-1847) 'ఆడమోడి గలదే' కట్టారు. వెంకటమఖి ఇల్లు కట్టి ఉంచితే అందులో కాపురం పెట్టింది తెలుగు మాట. అదీ ఆంధ్రదేశంలో కాదు, కావేరి ఒడ్డున.

ఆ మాట మన ఊళ్ళోనూ నిలిచింది. 1905లో మొదలైన గాయన సమాజంలో, 1939 నుంచి సాగుతున్న చామరాజపేట రామనవమి కచేరీలలో, ఇంట్లో కన్నడమో తమిళమో మాట్లాడే విద్వాంసులు తెలుగు కృతులు పాడుతూ వస్తున్నారు. వాళ్ళలో కొందరు అర్థం అడిగి తెలుసుకుని మరీ పాడతారు.

నా బెంగ మన ఇళ్ళ గురించి. మన పిల్లలు ఆ కృతులను కన్నడ లిపిలో రాసుకుని తాళం తప్పకుండా పాడతారు. 'మోడి' అంటే ఏమిటంటే తెల్లమొహం వేస్తారు. అలా పాడినప్పుడు వాళ్ళకు తెలుగుకూ కిలికికీ తేడా ఏముంది? కిలికికి మాటలున్నాయి, దాన్ని ఇంట్లో మాట్లాడే జనం లేరు. మనం ఉన్నాం కదా. పాఠం అయ్యాక పది నిమిషాలు పక్కన కూర్చుని చెబుదాం: మోడి అంటే పలకకుండా బిగుసుకోవడం, తనతో మాట్లాడని రాముణ్ణి త్యాగయ్య నిలదీస్తున్నాడు అని. మరునాడు ఆ చారుకేశిని పిల్ల ఎలా పాడుతుందో వినండి.